హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం?

అర్ధరాత్రి దాటాక శంషాబాద్ విమానాశ్రయం ముందు రోజూ కనిపించే దృశ్యమే ఇది. అద్దె ఇన్నోవాలోంచి నాలుగు పెద్ద పెట్టెలు దిగుతాయి. ఎవరో చేతి కాటాకు తగిలించి మళ్లీ బరువు చూస్తారు. 23 కిలోలు దాటిన పెట్టెలోంచి కారప్పొడి పొట్లమొకటి పక్క పెట్టెలోకి మారుతుంది. మొదటిసారి కూతురి దగ్గరికి బయల్దేరిన తల్లి, "ఎంత దూరంరా?" అని కొడుకును అడుగుతుంది. "ఒక రోజు పడుతుందమ్మా" అంటాడు వాడు. ఆమె అడిగింది దూరం. వాడు చెప్పింది కాలం. ఆ తేడా ఇద్దరికీ పట్టదు.

పట్టకపోవడంలో వింతేమీ లేదు. ఆమడలు, క్రోసులు వాడుకలో ఉన్న రోజుల్లోనూ, "పొద్దున్నే బండి కడితే భోజనాల వేళకు చేరతాం" అన్నదే మనవాళ్లకు అసలైన కొలత. విమానాలు వచ్చాక ఆ అలవాటుకు మరింత బలం వచ్చింది. 11 కిలోమీటర్ల ఎత్తున కూర్చున్నవాడికి కింద జరిగిపోతున్న కిలోమీటర్లు ఎలాగూ కనిపించవు.

అయినా తల్లి ప్రశ్నకు జవాబు వెతకాలి కదా. ఫోన్లో రెండు ఊళ్ల పేర్లు కొడితే చాలు, లెక్క వచ్చేస్తుంది: సుమారు 14,400 కిలోమీటర్లు, పదహారు పదిహేడు గంటలు. ఇందులో మొదటి అంకె సరైనదే. రెండోది బడిలో చేసిన రైలు లెక్కలాంటిది, దూరాన్ని వేగంతో భాగించగా వచ్చింది. ఈ రెండు ఊళ్ల మధ్య ఆ దూరాన్ని ఆ సమయంలో దాటే ప్రయాణికుల సర్వీసు ఏదీ నడవడం లేదు. ఇంటర్నెట్ పదహారంటుంది, టికెట్ ఇరవై మూడో ఇరవై ఆరో అంటుంది. మధ్యలో తేలని గంటలు ఎక్కడికి పోతున్నాయన్నది చూడవలసిన సంగతి.

ముందు దూరం సంగతి. తరగతి గది గోడకు వేలాడే ప్రపంచ పటంలో హైదరాబాద్, డాలస్‌ల మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా, సహారా ఎడారి, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతుంది. ఆ గీత వెంబడి నిజంగా ఎగిరితే దాదాపు 17,700 కిలోమీటర్లు అవుతుంది. అసలు దూరానికి మూడు వేలకు పైగా అదనం. తప్పు స్కేలుది కాదు, పటానిది. పటాలు గీసే మెర్కేటర్ 1569లో ఆ రకం పటం వేసింది ఓడ నడిపేవాళ్ల కోసం. దిక్సూచి ముల్లును ఒకే కోణంలో ఉంచి సాగిపోవడానికి అది పనికొస్తుంది, దగ్గరి దారి చూపడానికి కాదు.

దగ్గరి దారి కావాలంటే గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగాలి. బత్తాయిని సరిగ్గా నడిమికి కోస్తే అంచున కనిపించే వృత్తం ఉంటుందే, ఆ దారం అలాంటి వృత్తంలో ఒక ముక్క. విమానాలవాళ్లు దాన్ని గ్రేట్ సర్కిల్ అంటారు. డాలస్ కోసం పట్టుకున్న దారం పడమటికి పోదు. హైదరాబాద్ నుంచి దాదాపు సూటిగా ఉత్తరానికి లేచి, ఢిల్లీ పక్కగా, లద్దాఖ్, కిర్గిజ్‌స్తాన్, కజాఖ్‌స్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి ఇవతల ఓ 500 కిలోమీటర్ల దూరంలో మలుపు తిరిగి, కెనడా మీదుగా టెక్సస్‌లో దిగుతుంది. అమెరికా మనకు పడమర అని చిన్నప్పటి నుంచీ అనుకుంటాం. డాలస్ విషయంలో మాత్రం అది ఉత్తరాన ఉందనడమే ఎక్కువ సబబు.

ఒక్కో వెబ్‌సైటు ఒక్కో అంకె చూపడానికి పెద్ద రహస్యమేమీ లేదు. కొన్ని భూమిని నున్నటి బంతిగా లెక్కిస్తాయి, కొన్ని ధ్రువాల దగ్గర కాస్త అణిగిన ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. కొన్ని ఊరి నడిబొడ్డు నుంచి కొలిస్తే కొన్ని రన్‌వే నుంచి కొలుస్తాయి. తేడా పదుల కిలోమీటర్లే. దాని గురించి వాదించుకోవడం వృథా.

వాదించుకోదగ్గది గాలి గురించి. ఉత్తరార్ధగోళంలో పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు సన్నని పాయల్లా పరుగెత్తే గాలులను జెట్ స్ట్రీమ్‌లంటారు. గంటకు 200 కిలోమీటర్లు దాటి వీచడం వాటికి మామూలు సంగతి. వీటిని 1920లలోనే బెలూన్లు ఎగరేసి కొలిచినవాడు జపాన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు వసబురో ఓయిషి. లోకమంతా చదవాలన్న ఆశతో ఆయన తన నివేదికను ఎస్పరాంటో భాషలో అచ్చేయించాడు. ఆ భాష చదివేవాళ్లు ఎందరు కనుక! రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికా బాంబర్లు జపాన్ మీద ఎదురుగాలికి తట్టుకోలేక గిలగిలలాడాక గానీ ఆ గాలుల సంగతి మిగతా లోకానికి ఎక్కలేదు.

విమానానికి రెండు వేగాలుంటాయి. చుట్టూ ఉన్న గాలితో పోల్చినది ఒకటి, కింద నేలతో పోల్చినది మరొకటి. మొదటిది గంటకు 900 దరిదాపుల్లో ఉంటుంది, పెద్దగా మారదు. రెండోది గాలి దయ. 14,400 కిలోమీటర్ల దారిలో సగటున గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే దాదాపు 17 గంటలు పడుతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే 15 గంటల పావు. దారి ఒకటే, విమానం ఒకటే, తేడా గంటన్నర పైన. 2020 ఫిబ్రవరిలో సియారా తుపాను వేళ బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. పైలట్ తొందరపడింది లేదు, గాలే మోసుకుపోయింది.

ఈ విషయంలో అందరికంటే మంచి పాఠం చెప్పింది మన ఎయిర్ ఇండియానే. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా పోయే తన విమానాన్ని 2016 అక్టోబరులో ఆ సంస్థ తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపింది. అట్లాంటిక్ దారి సుమారు 13,900 కిలోమీటర్లు, పసిఫిక్ దారి 15,300. ఎవరైనా మొదటిదే మేలంటారు. కానీ 1,400 కిలోమీటర్లు ఎక్కువ ఎగిరిన విమానం పద్నాలుగున్నర గంటల్లో, అంటే పాత దారికంటే దాదాపు రెండు గంటలు ముందుగా చేరింది. వెనకగాలి పుణ్యమా అని గంటకు సగటున వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు నడిచింది. తిరుగు ప్రయాణమూ తూర్పుకే కాబట్టి ఒక్కో రాకపోకకు భూమిని ఒక చుట్టు చుట్టి వచ్చేది.

ఇక దారం చూపిన దారిలో విమానం ఎందుకు పోదన్నది మూడో చిక్కు. లద్దాఖ్, కారకోరం ప్రాంతాల మీద ఎగరడం కష్టమేమీ కాదు, ఎగరలేని పరిస్థితి వస్తే దిగడమే కష్టం. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే నెత్తిమీద మాస్కులు ఊడిపడతాయి. వాటిలో ఆక్సిజన్ సాధారణంగా ఓ పావుగంటకు సరిపోతుంది. ఆలోపు విమానం 3,000 మీటర్ల ఎత్తుకు దిగిపోవాలి. కింద కొండలే 6,000, 7,000 మీటర్లుంటే దిగేదెక్కడికి? అందుకే హిమాలయాలకు, టిబెట్ పీఠభూమికి అడ్డంగా కాకుండా పక్కనుంచి చుట్టి పోవడమే ఆనవాయితీ. ధ్రువం దగ్గర బెడద వేరు. అక్కడ పైగాలిలో చలికి ఇంధనమే గడ్డకట్టే ప్రమాదం ఉంది. అమెరికాలో ఎక్కువగా వాడే జెట్ ఇంధనం మైనస్ 40 డిగ్రీల దగ్గర, మిగతా దేశాల్లో వాడేది మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. పైలట్లు ట్యాంకులో ఉష్ణోగ్రతను కనిపెట్టుకుని ఉండాలి. ఇన్ని ఉన్నా 2019 ఆగస్టు 15న ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని ధ్రువం మీదుగా నడిపింది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తొలి నాన్‌స్టాప్‌ను ధ్రువం మీదుగా తెచ్చిన నలుగురు పైలట్లూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నడిపిన ఆ బృందంలో పాపగారి తన్మయి ఒకరు.

కొండలకూ చలికీ ఉపాయముంది. సరిహద్దులకు లేదు.

రష్యా గగనతలం మీద నుంచి పోనిస్తే ఆసియా, ఐరోపా, అమెరికాలు దగ్గరవుతాయి, పోనివ్వకపోతే దూరమవుతాయి. సోవియట్ కాలంలో అనుమతి లేక ఐరోపా నుంచి జపాన్ వెళ్లే విమానాలు ధ్రువం చుట్టి అలస్కాలోని యాంకరేజ్‌లో దిగి ఇంధనం పోసుకునేవి. ఆ చలి ఊరి విమానాశ్రయం అప్పట్లో ప్రపంచమంతటి ప్రయాణికులకూ కూడలి. ఫిన్లాండ్ సంస్థ ఫిన్‌ఎయిర్ 1983లో హెల్సింకి నుంచి టోక్యోకు ఆగకుండా ధ్రువం మీదుగా పోవడం మొదలుపెట్టింది. తర్వాత రష్యా తలుపులు తెరుచుకుని ఆ ప్రయాణం తొమ్మిది గంటలకు తగ్గింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో తలుపులు మళ్లీ పడ్డాయి, తొమ్మిది గంటలు పదమూడయ్యాయి. ఫిన్‌ఎయిర్ పాత ధ్రువపు దారినే దులిపి బయటకు తీసి, ఉత్తర ధ్రువం దాటినట్టు ప్రయాణికులకు సర్టిఫికెట్లు కూడా పంచింది. నష్టాన్ని వేడుక చేసుకోవడం అంటే ఇదే కాబోలు.

అమెరికా సంస్థల విమానాలకు రష్యా మీద దారి మూసుకుపోవడంతో యునైటెడ్ నడిపిన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసు ఆగిపోయింది. ఎయిర్ ఇండియాకు ఆ అడ్డు లేదు. దానికి అడ్డు పొరుగునే ఉంది. 2019లో బాలాకోట్ దాడి తర్వాత జులై దాకా, మళ్లీ 2025 ఏప్రిల్ 24 నుంచి, పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు పోయే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని వియన్నాలో, కోపెన్‌హాగెన్‌లో దిగి ఇంధనం పోసుకోవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు నుంచి ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు సంస్థ చూపిన కారణాల్లో ఇదీ ఒకటి. ఇక్కడ దక్షిణాదివాళ్లకు కలిసొచ్చిన సంగతి ఒకటుంది. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయే విమానం ఎలాగూ అరేబియా సముద్రం మీదికే తిరుగుతుంది. పాకిస్తాన్ మూత ఢిల్లీవాడికి తగిలినంతగా హైదరాబాదీకి తగల్లేదు. అలాగని గల్ఫ్ దారి పదిలమనీ చెప్పలేం. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణుల దాడి వేళ ఖతర్ తన గగనతలాన్ని మూసినప్పుడు దోహా మీదుగా టికెట్ కొన్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు.

విమానాలు అంత దూరం ఎగరలేవా అంటే, ఎప్పుడో ఎగిరాయి. 1943–45 మధ్య ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి సింహళంలోని కొగ్గల సరస్సుకు కాటలీనా సీప్లేన్లు శత్రువు కన్నుగప్పి ఏకబిగిన ఎగిరేవి. అందుకు 27 నుంచి 32 గంటలు పట్టేది, దారిలో రెండుసార్లు పొద్దుపొడిచేది. అందుకే వాటికి డబుల్ సన్‌రైజ్ అన్న పేరు వచ్చింది. మామూలు ప్రయాణికులకు మాత్రం దూరమంటే మజిలీలే. 1935లో బ్రిస్బేన్ నుంచి లండన్‌కు పన్నెండున్నర రోజులు. 1947లో సిడ్నీ నుంచి లండన్‌కు కాన్‌స్టెలేషన్ విమానంలో నాలుగు రోజులు, మధ్యలో కలకత్తా, కరాచీల్లో దిగుతూ. మరుసటి ఏడాది జూన్ 8న అదే రకం విమానం మలబార్ ప్రిన్సెస్ బొంబాయి నుంచి బయల్దేరి కైరో, జెనీవాల మీదుగా లండన్ చేరి మన దేశానికి విదేశీ సర్వీసు తెచ్చింది. 1960లో బోయింగ్ 707 జెట్ వచ్చి న్యూయార్క్‌ను కలిపింది.

ఇక్కడ ఆగి ఒక వింత గమనించాలి. ఆ 707 ఎంత వేగంతో ఎగిరిందో ఇవాళ్టి విమానాలూ ఇంచుమించు అంతే వేగంతో ఎగురుతున్నాయి. ధ్వనికంటే వేగంగా పోయిన కాంకార్డ్ 1996లో న్యూయార్క్ నుంచి లండన్‌కు మూడు గంటల్లోపే చేరి రికార్డు పెట్టింది గానీ, 2003లో మూలపడింది. అరవై ఏళ్లలో పెరిగింది వేగం కాదు, దమ్ము. ఒకసారి నింపిన ఇంధనంతో ఎంత దూరం పోగలదన్నదే. బోయింగ్ 777-200ఎల్ఆర్ 2005 నవంబరులో హాంకాంగ్ నుంచి లండన్‌కు కావాలనే తూర్పు దిక్కుగా చుట్టి 21,602 కిలోమీటర్లు ఆగకుండా ఎగిరి చూపింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకు రోజూ దాదాపు 15,300 కిలోమీటర్లు దాటిస్తోంది. దీనికి పద్దెనిమిదిన్నర గంటల పైనే పడుతుంది.

మరి 14,400 కిలోమీటర్ల డాలస్‌కు హైదరాబాద్ నుంచి నేరు విమానం ఎందుకు లేదు? జవాబు సింగపూర్ విమానం సీట్లలో ఉంది. ఆ ఎ350 యూఎల్ఆర్‌లో ఉన్నవి 161 సీట్లే. 67 బిజినెస్, 94 ప్రీమియం ఎకానమీ. మామూలు ఎకానమీ ఒక్కటీ లేదు. చివరి గంటల్లో కాలాల్సిన ఇంధనాన్ని అంతదాకా మోయడానికి మొదటి గంటల్లోనే మరికొంత ఇంధనం తగలెయ్యాలి. దూరం పెరిగేకొద్దీ విమానం మనుషుల్ని కాదు, ఇంధనాన్నే మోస్తుంది. ఇదే సంస్థ 2004లో మొదలుపెట్టిన పాత నాన్‌స్టాప్‌ను చమురు ఖర్చు భరించలేక 2013లో ఆపేసింది కూడా. ఖరీదైన సీట్లు నిండితేనే ఈ ఆట సాగుతుంది. న్యూయార్క్, సింగపూర్‌ల మధ్య బ్యాంకర్లున్నారు. హైదరాబాద్, డాలస్‌ల మధ్య ఉన్నది ఎక్కువగా విద్యార్థులు, పురుడు పోయడానికి వెళ్లే అమ్మమ్మలు, సెలవుల్లో పిల్లలతో వచ్చే ఉద్యోగులు. సంఖ్యకు లోటు లేదు. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లో తెలుగు వినపడని వీధి వెతకాలి. కానీ టికెట్‌లో పదివేలు తగ్గుతుందంటే నాలుగు గంటలు ఎక్కువ కూర్చోవడానికి సిద్ధపడేవాళ్లే వీళ్లు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా 238 సీట్ల 777తో హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. దూరం సుమారు 13,300 కిలోమీటర్లు, వారానికి ఒక్క సర్వీసు. అదీ నిలవలేదు.

కాబట్టి మజిలీ తప్పదు. ఏ మజిలీ దగ్గరన్నదాంట్లో పటం మరోసారి మోసం చేస్తుంది. దుబాయ్ దారిలోనే ఉన్నట్టుంటుంది, లండన్ ఎక్కడో ఉన్నట్టుంటుంది. లెక్క వేస్తే హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 2,550, అక్కణ్నుంచి డాలస్‌కు 12,900, మొత్తం సుమారు 15,450 కిలోమీటర్లు. లండన్ మీదుగా అయితే 7,750, 7,630 కలిపి 15,380. లండనే ఒక పిసరు దగ్గర! దోహా మీదుగా 15,650 దాటుతుంది. ఏ దారి పట్టినా నేరు దూరానికి పెరిగేది ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు, అంటే గాలిలో గంటా గంటంపావు.

తేలని గంటల గుట్టు ఇక్కడ విడిపోతుంది. 15,400 కిలోమీటర్లు ఎగరడానికి పదిహేడు గంటల పైచిలుకు చాలు. టికెట్ మీద ఇరవై మూడో ఇరవై ఆరో ఉంటుంది. మిగిలిన ఐదు నుంచి తొమ్మిది గంటలు రన్‌వే మీద పాకడానికి, దిగడానికి, మళ్లీ ఎక్కడానికి, మధ్యలో బెంచీ మీద కునికిపాట్లకు పోయాయి. టికెట్‌కు ఎక్కనివి మరికొన్ని. గుంటూరు నుంచి శంషాబాద్‌కు కారులో ఐదారు గంటలు. అక్కడ మూడు గంటల ముందు హాజరు. అమెరికాలో మరో ఊరు మీదుగా డాలస్ చేరేవాళ్లు మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ లైన్లో నిలబడి, చాలాసార్లు పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. అబుధాబిలో 2014 నుంచి అమెరికా తనిఖీ ముందే అయిపోతుంది. ఆ ఊరు మీదుగా వెళ్లేవాళ్లకు ఈ ఒక్క తంటా తప్పుతుంది. ఇంటి గడప నుంచి ఇంటి గడపకు లెక్కేస్తే గుంటూరు అమ్మమ్మ ప్రయాణం ముప్పై అయిదు గంటలకు తగ్గడం కష్టం. అందులో సగమే ఆమె ఆకాశంలో ఉంటుంది.

క్యాలెండర్ మాత్రం వేరే కథ చెబుతుంది. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాద్‌లో ఎక్కి 23 గంటలు ప్రయాణిస్తే వేసవిలో అదే రోజు సాయంత్రం నాలుగున్నరకు డాలస్‌లో దిగుతారు. కాగితం మీద పన్నెండున్నర గంటలే. తిరిగొచ్చేటప్పుడు ఆ అప్పు వడ్డీతో సహా వసూలవుతుంది. మధ్యాహ్నం 12కు డాలస్‌లో ఎక్కి 22 గంటల్లో వచ్చినా ఇక్కడ మర్నాడు రాత్రి ఎనిమిదిన్నర. ఒళ్లు కొత్త గడియారానికి అలవాటు పడటానికి గంట తేడాకు ఒక రోజు చొప్పున వేసుకోమంటారు వైద్యులు. ఆ లెక్కన నెలరోజుల సెలవులో మొదటి పది రోజులు అమ్మమ్మ తెల్లారగట్ల మూడింటికే లేచి వంటింట్లో చప్పుడు చేస్తుంటుంది.

ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ 2018 మార్చిలో పెర్త్ నుంచి లండన్‌కు 14,500 కిలోమీటర్ల నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. అది హైదరాబాద్–డాలస్ దూరానికి ఇంచుమించు సమానం, ప్రయాణం పదిహేడు గంటలు. 2019లో అదే సంస్థ లండన్ నుంచి సిడ్నీకి ప్రయోగంగా ఎగిరితే 19 గంటల 19 నిమిషాలు పట్టింది. ఆ 17,000 కిలోమీటర్ల దారిలో ఎ350-1000 విమానాలతో 2027లో రెగ్యులర్ సర్వీసు నడపాలన్నది దాని ప్రణాళిక. ఆ విమానంలో సీట్లు 238, ఒళ్లు విరుచుకోవడానికి కాస్త ఖాళీ జాగా కూడా వదిలారు. ఆ సర్వీసు నిలబడితే 14,400 కిలోమీటర్ల డాలస్ పేరు హైదరాబాద్‌లో మళ్లీ వినపడుతుంది. ఆలోగా శంషాబాద్‌లో కొడుకు ఫోన్లో రెండు టికెట్లను పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాడు. ఒకటి ఇరవై మూడు గంటలది, రెండోది ముప్పై ఒకటి, పదకొండు వేలు తక్కువ. తల్లికి కొన్నది రెండోదే.